తాతగారి లెన్సు, కొత్త కెమెరా, మధ్యలో ఖాళీ

“అన్నా, మా తాతగారి రీలు కెమెరాకున్న లెన్సు నా సోనీకి పడుతుందా?”

బెజవాడలో ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు చేరితే ఈ ప్రశ్న రాకుండా టీ గ్లాసు ఖాళీ అవదు. మూతపడ్డ స్టూడియోల బీరువాల్లోంచి, అటక మీది ట్రంకుపెట్టెల్లోంచి పాత లెన్సులు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. ఒకప్పుడు సోవియట్ పుస్తకాలు మన విశాలాంధ్ర బుక్ హౌస్‌లో కారుచౌకగా దొరికినట్టే అక్కడి జెనిత్ కెమెరాలూ దేశంలోకి వచ్చాయి కదా, వాటి ముందున్న హీలియోస్ అనే లెన్సు కోసం ఇప్పుడు కుర్రాళ్లు వెతుక్కుంటున్నారు. జవాబు చిన్నదే. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) అయితే దాదాపు ఏ కంపెనీ పాత లెన్సయినా పడుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దం ఉన్న డిజిటల్ కెమెరా) అయితే కొన్ని పడతాయి, కొన్ని పడవు, కొన్నేమో పడ్డట్టే పడి దూరంగా ఉన్నదేదీ ఫోకస్ అవ్వనివ్వవు. యూట్యూబ్‌లో ఒకాయన సూపరంటాడు, ఇంకొకాయన దండగంటాడు, ఇద్దరూ ఎవరి కెమెరా సంగతి వాళ్లు చెబుతున్నారని మనకి వెంటనే తట్టదు, దాంతో తెలిసిన నాలుగు ముక్కలూ కలిసి చిక్కుపడిపోతాయి.

ఈ చిక్కుకి కొస ఒకటే ఉంది, అది దూరం. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అద్దాన్ని కాగితానికి సరిగ్గా ఇంత ఎత్తులో పట్టుకుంటేనే ఎండ చుక్కలా చిక్కబడుతుంది, కాస్త పైకన్నా కిందకన్నా ఆ చుక్క బిళ్లలా పరుచుకుపోతుంది. కెమెరా లెన్సుకీ అంతే. ప్రతి కంపెనీ తన లెన్సు కూర్చునే రింగుకీ (దాన్నే మౌంటు అంటారు) వెనకున్న ఫిల్ముకీ, ఇప్పుడైతే సెన్సరుకీ, మధ్య దూరం ఇంత అని ఒక అంకె ఖాయం చేసుకుని, ఆ లెక్క ప్రకారమే లెన్సులన్నీ తయారుచేస్తుంది. దీన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. నికాన్ ఎఫ్ మౌంటుకి అది 46.5 మిల్లీమీటర్లు. పాత పెంటాక్స్, జెనిత్, ప్రాక్టికాలకి వాడిన, మర తిప్పి బిగించే ఎం42 మౌంటుకి 45.46. మినోల్టాకి 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42. అన్నీ నలభై దాటే ఎందుకున్నాయంటే, ఎస్‌ఎల్‌ఆర్ లోపల వాలుగా ఒక అద్దం ఉంటుంది, మనం బటన్ నొక్కగానే అది పైకి లేవాలి, దానికి చోటు కావాలి.

మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం తీసేశారు. చోటుతో పని లేదు కాబట్టి బాడీ పల్చబడిపోయింది: సోనీ ఈ మౌంటు 18 మిల్లీమీటర్లు, ఫుజీ ఎక్స్ 17.7, కెనాన్ ఆర్‌ఎఫ్ 20, నికాన్ జెడ్ 16. ఇప్పుడు ఎం42 లెన్సుని సోనీ మీద పెట్టాలంటే 45.46లోంచి 18 తీసేయండి, మిగిలిన 27.46 మిల్లీమీటర్ల పొడవున్న గొట్టం ఒకటి మధ్యలో పెడితే చాలు, లెన్సుకి తను పుట్టిన కెమెరా మీదే ఉన్నట్టుంటుంది. అడాప్టర్ అంటే అంతే. అందులో గాజు లేదు, వైర్లు లేవు, చిప్పు లేదు, లోపల నల్లరంగు వేసిన ఖాళీ తప్ప ఏమీ లేదు. అందుకే రెండు మూడు వేలకే దొరుకుతుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఆ అద్దం ఇంకా ఉంది. కెనాన్ ఈఎఫ్ మౌంటుది 44 మిల్లీమీటర్లు కాబట్టి ఎం42కి ఒకటిన్నర మిల్లీమీటరు, నికాన్ లెన్సుకి రెండున్నర మిల్లీమీటర్లు మిగులుతాయి. ఆ సందులో పల్చటి రింగు పడుతుంది, కాబట్టి కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లకి అదృష్టమే (ఫుల్‌ఫ్రేమ్ బాడీ, అంటే సెన్సర్ పాత రీలు ఫిల్మంత ఉన్నది, అయితే మాత్రం కొన్ని లెన్సుల వెనక భాగం పొడుచుకొచ్చి అద్దానికి తగులుతుంది, ముందే కనుక్కోండి). నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి లెక్క తిరగబడుతుంది. దాని దూరం 46.5, ఎం42కి కావలసింది 45.46, అంటే లెన్సు బాడీ లోపలికి ఒక మిల్లీమీటరు దిగాలి, దిగే దారి లేదు. అక్కడ హీలియోస్ బిగించి, ఎదురుగా కూర్చున్న మనిషి చక్కగా వస్తున్నాడు గానీ ఇంద్రకీలాద్రి మీద గోపురం మాత్రం ఎంత తిప్పినా మసకేనని లెన్సుని తిట్టేవాళ్లున్నారు. లెన్సు ఏం చేస్తుంది పాపం, ఆ ఒక్క మిల్లీమీటరుకి రెండు మూడు మీటర్ల అవతలి లోకమంతా పోతుంది. లోపల చిన్న గాజు పెట్టిన అడాప్టర్లు అమ్ముతారు, వాటితో దూరం ఫోకస్ అవుతుంది, కానీ అంత మంచి లెన్సు వెనక చవక గాజుముక్క పెట్టడం నాకు మింగుడుపడదు.

కెనాన్ వాళ్ల సొంత కథ ఇంకా తమాషా. 1971లో మొదలైన ఎఫ్‌డీ మౌంటుని 1987లో ఆటోఫోకస్ కోసం వదిలేసి, ఈఓఎస్ పేరుతో ఈఎఫ్ మౌంటు తెచ్చారు. ఎఫ్‌డీది 42, ఈఎఫ్‌ది 44, అంటే కెనాన్ లెన్సు కెనాన్ బాడీకే పడకుండా పోయింది. అన్నేళ్లుగా కొనుక్కున్న లెన్సుల మీద ఫొటోగ్రాఫర్లకి ఎంత కడుపుమంట ఉంటుందో ఊహించుకోవచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్ల కాలమంతా ఎఫ్‌డీ లెన్సులు, వాటితోపాటు మినోల్టావి, అనాథల్లా పడున్నాయి, అందుకే అప్పట్లో చవగ్గా దొరికేవి. 2008లో పానసోనిక్ జీ1తో మిర్రర్‌లెస్ మొదలైంది, 2013లో సోనీ ఏ7 ఫుల్‌ఫ్రేమ్‌లో వచ్చింది, అంతే, అనాథలన్నిటికీ ఇల్లు దొరికింది, ధరలూ లేచాయి.

నికాన్ అలా వదల్లేదు. 1959లో పెట్టిన ఎఫ్ మౌంటునే డీఎస్‌ఎల్‌ఆర్ల దాకా లాక్కొచ్చింది కాబట్టి పాత నిక్కార్ (నికాన్ లెన్సుల పేరు) ఏ అడాప్టరూ లేకుండా నేరుగా ఎక్కుతుంది. అయితే ఎక్కడం వేరు, పనిచేయడం వేరు. 1977 నుంచి వచ్చిన ఏఐ లెన్సులు (టీవీల్లో పొద్దస్తమానం వాయించే ఏఐ కాదులెండి, అపెర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎంతుందో బాడీకి చెప్పే చిన్న మెట్టు) డీ7200, డీ750, డీ850 లాంటి బాడీల మీద వెలుతురు కొలిచే మీటరుతో సహా పనిచేస్తాయి. డీ3500, డీ5600 లాంటి చిన్నవాటి మీద మీటరు పలకదు, మాన్యువల్ మోడ్‌లో ఒక ఫొటో తీసుకుని హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎలా ఉందో చూపే గ్రాఫు) చూసి సర్దుకోవాలి. ఇక 1977కి ముందువి, ఏఐకి మార్పించనివి, ఆ పెద్ద బాడీల మీద బలవంతాన తిప్పితే మౌంటు అంచునున్న మీట విరుగుతుంది. చిన్న బాడీలకి ఆ మీటే లేదు కాబట్టి వాటి మీద ఏ ప్రమాదమూ లేకపోవడం విచిత్రం. రింగు మీద అపెర్చర్ అంకెలు పెద్దవొక వరస, చిన్నవొక వరస ఉంటే అది ఏఐ. ఒక్క వరసే ఉంటే పెద్ద బాడీకి ఎక్కించే ముందు ఎవరికైనా చూపించండి.

పడుతుందో లేదో తేలిపోయింది కాబట్టి ఇక వాడకం. మిర్రర్‌లెస్‌కి పాత లెన్సు బిగించి బటన్ నొక్కితే చాలాసార్లు ఏమీ జరగదు, అడాప్టర్ పాడైందేమోనని టెన్షన్ పడిపోతారు. బాడీకి అక్కడ లెన్సున్న సంగతే తెలీదు, అదీ విషయం. మెనూలో ‘రిలీజ్ వితౌట్ లెన్స్’ అనో ‘షూట్ వితౌట్ లెన్స్’ అనో ఉంటుంది, అది ఆన్ చేయాలి. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే లెన్సు ఎన్ని ఎంఎంలదో మనమే మెనూలో చెప్పాలి, లేకపోతే వణుకుని ఎంత సర్దాలో దానికి తెలియక ఒకోసారి ఇంకా షేక్ చేస్తుంది. లెన్సు మీద రాసున్న అంకే ఇవ్వండి, క్రాప్ సెన్సరని (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సరని) ఒకటిన్నరతో హెచ్చవేయొద్దు. ఎక్స్‌పోజర్ గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. బాడీ లోపలికొచ్చిన వెలుతురునే కొలుస్తుంది కాబట్టి అపెర్చర్ ప్రయారిటీలో పెట్టేస్తే షటర్ స్పీడు అదే చూసుకుంటుంది. ఎం42 లెన్సు పక్కన ఆటో, మాన్యువల్ అని చిన్న మీట ఉంటే మాన్యువల్ వైపు నెట్టండి, లేకపోతే రింగు ఎంత తిప్పినా లోపలి రేకులు కదలకపోవచ్చు. ఎఫ్‌డీ అయితే అడాప్టర్ మీదే తెరిచే రింగు ఒకటుంటుంది. హీలియోస్ 44-2కి అపెర్చర్ రింగులు రెండు. ఒకదాని మీద ఎఫ్/5.6 అని పెట్టుకుంటారు (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), రెండోదాన్ని పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకుని, ఫొటో తీసే ముందు చూడకుండానే ఆగేదాకా తిప్పితే సరిగ్గా 5.6 దగ్గర ఆగుతుంది. పాతకాలం ఏర్పాటే గానీ మిర్రర్‌లెస్‌కి దీన్ని మించింది లేదు.

అసలు పని ఫోకస్. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది ఇక్కడే వదిలేస్తారు, వదిలేసి లెన్సు షార్పు లేదంటారు. ఒక లెక్క చూడండి. 58 ఎంఎం లెన్సు, ఎఫ్/2, మనిషి మీటరు దూరంలో, ఫుల్‌ఫ్రేమ్ బాడీ. ఫోకస్‌లో ఉండే లోతు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. అర మీటరుకి వెళ్తే సెంటీమీటరు కూడా ఉండదు. మీరు ఊపిరి పీల్చి వదిలేలోపు శరీరం అంతకంటే ఎక్కువే ఊగుతుంది. కాబట్టి రింగు తిప్పడంలో నైపుణ్యం ఎంతుందో, కదలకుండా నిలబడటంలోనూ అంతే ఉంది. దగ్గరి ఫొటోలకి నేను రింగుతో సుమారుగా పెట్టేసి, ఆ తర్వాత నడుము పైభాగాన్ని కొంచెం ముందుకీ వెనక్కీ వంచుతూ కన్ను పదునుగా కనబడ్డ క్షణాన నొక్కుతాను, వరసగా మూడు నాలుగు తీస్తాను, ఒకటి దక్కుతుంది.

డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో చూసి ఇది చేయడం కష్టం, కళ్లద్దాలు మార్చుకున్నా లాభం లేదు. పాత రీలు కెమెరా తెర మధ్యలో గుండ్రంగా ఒక గాజు ఉండేది, ఫోకస్ కుదరకపోతే మనిషి ముక్కు రెండు ముక్కలై కనబడేది, కుదరగానే అతుక్కునేది. ఆటోఫోకస్ వచ్చాక అది తీసేసి, జూమ్ లెన్సు పెట్టినా వెలుతురుగా కనిపించే తెరలు పెట్టారు. ఆ తెర ఎఫ్/1.4 లోతు ఎంత తక్కువో చూపించదు, సుమారు 2.8 దగ్గరి లోతునే చూపిస్తుంది, కాబట్టి కంటికి పదునుగా కనబడ్డది కార్డులో మెత్తగా వస్తుంది. లైవ్ వ్యూ ఆన్ చేసి వెనక తెర మీద పెద్దది చేసి చూడటమే దారి. మిర్రర్‌లెస్‌లో ఆ పెద్దది చేయడం వ్యూఫైండర్‌లోనే అయిపోతుంది, అపెర్చర్ మూసినా చీకటి పడదు, పాత లెన్సుకి ఇది చేసినంత మేలు ఇంకేదీ చేయలేదు.

ఇక పీకింగ్. ఫోకస్‌లో ఉన్న అంచుల మీద రంగు మెరిసే ఆ సౌకర్యాన్ని చూసి చాలామంది ఇంకేం కావాలనుకుంటారు. అది చేసేది కాంట్రాస్ట్ ఎక్కువున్న అంచుల్ని వెతకడమే. దానికి కన్నూ తెలీదు, కనుబొమ్మా తెలీదు. లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు నిజంగా పదునున్న మూడు సెంటీమీటర్లకి బదులు ఆరేడు సెంటీమీటర్ల మేర రంగు పూసేస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో సీజన్‌లో దీని ఆట ఇంకా బాగా కడుతుంది. కుప్పపోసిన ఎర్ర మిరపకాయల మీద పీకింగ్ రంగు ఎరుపులో పెట్టి ఉంచితే ఏమీ కనబడదు, పీకింగ్ పనిచేయడం లేదేమో అనుకుంటారు. పసుపుకో తెలుపుకో మార్చండి, కాయల ముడతలన్నీ ఒక్కసారిగా మిలమిలలాడతాయి, అప్పుడు ఇంకో తంటా, ప్రతి కాయ మీదా ఒక మెరుపు ఉంది కాబట్టి ఎక్కడ ఫోకస్ ఉందో అసలే తెలీదు. అలాంటి చోట పీకింగ్ ఆపేసి, ఒక టిక్కీ (మిరప బస్తా) మూతికి కుట్టిన పురికొస మీద పెద్దది చేసి ఫోకస్ పెట్టుకోవడం మేలు, గోనెపట్టా పోగులు విడివిడిగా కనబడితే మీరు సరైన చోటున్నట్టు. (తుమ్ములు మొదలయ్యాక ఏ స్టెబిలైజేషనూ కాపాడదు. పాత లెన్సులకి దుమ్ము ఆపే సీళ్లుండవు, ఆ కారపు ధూళిలో లెన్సు మార్చే పని పెట్టుకోవద్దు.)

కదిలేవాళ్లని తీయాలంటే ఫోకస్ వెంటపడటం మానేయాలి. బీసెంట్ రోడ్డులో సాయంత్రం పూట జనం మధ్యలో నిలబడి ఒక్కొక్కళ్లకీ రింగు తిప్పుతూ కూర్చుంటే వాళ్లు దాటిపోతారు, మీరు అడ్డుగా మిగులుతారు. ఫుల్‌ఫ్రేమ్ మీద 28 ఎంఎం లెన్సు, ఎఫ్/8, ఫోకస్ మూడుంపావు మీటర్ల దగ్గర పెట్టేసి వదిలేయండి: సుమారు ఒకటిన్నర మీటర్లు దాటిన దగ్గర్నుంచి కనుచూపు మేర దాకా చాలినంత పదునుగా ఉంటుంది. ఇంక మీ పని చూసి నొక్కడమే, ఏ ఆటోఫోకస్ కూడా దీనికంటే త్వరగా పనిచేయదు. ఈ లెక్కలన్నీ పాత లెన్సుల మీద గీతలు గీసి, అంకెలు వేసి రంగుల్లో చెక్కి ఉంటాయి, కొత్త లెన్సుల్లో చాలావాటికి ఆ గీతలే లేవు.

కాకపోతే ఆ గీతల్ని నమ్మే ముందు అడాప్టర్‌ని పరీక్షించాలి. చవక అడాప్టర్లని కావాలనే కొంచెం పల్చగా చేస్తారు, మందంగా ఉంటే ఇన్ఫినిటీ (అన్నిటికంటే దూరాన ఉన్నవాటి మీద ఫోకస్) రాదని కొన్నవాళ్లు గొడవ చేస్తారు కదా, అందుకని. పల్చగా ఉంటే లెన్సు ఇన్ఫినిటీ దాటి కూడా తిరుగుతుంది. పదోవంతు మిల్లీమీటరు పల్చగా ఉన్నా చాలు, 28 ఎంఎం లెన్సులో స్కేలు మీద ఎనిమిది మీటర్ల గీత దగ్గరే ఇన్ఫినిటీ వచ్చేస్తుంది, 50 ఎంఎంలో పాతిక మీటర్ల దగ్గర. చీకటిపడ్డాక ప్రకాశం బ్యారేజీ మీద దీపాలు వెలిగినప్పుడు ఘాట్ నుంచి చూస్తే ఈ తేడా తేటతెల్లంగా తెలుస్తుంది. రింగుని చివరిదాకా, ఆగేదాకా తిప్పి, దూరంగా ఉన్న ఒక దీపాన్ని తెర మీద పెద్దది చేయండి. అది చుక్కలా లేకుండా బిళ్లలా ఉంటే అడాప్టర్ పల్చన. ఇప్పుడు రింగుని వెంట్రుకవాసి వెనక్కి తిప్పుతూ పోండి, బిళ్ల చిన్నదవుతూ అవుతూ ఒకచోట చుక్కవుతుంది, ఇంకా తిప్పితే మళ్లీ బిళ్లవుతుంది. ఆ చుక్కైన చోటే మీ ఇన్ఫినిటీ. తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టేసుకోండి, ఆ తేడాని లెక్కలోకి తీసుకుని మిగతా గీతల్ని చదువుకోండి. ‘ఆగేదాకా తిప్పితే ఇన్ఫినిటీ’ అనే పాత అలవాటుతో బ్యారేజీ ఫొటోలు మొత్తం మసకబారినవాళ్లని చూశాను.

ఇంతా చేసి వచ్చే ఫొటో ఎలా ఉంటుంది? ‘వింటేజ్ లుక్’ అని చెప్పేదాంట్లో సగం లెన్సు లోపాలే, ఆ మాట నిష్ఠూరంగా ఉన్నా నిజం. కాంతి గాలిలోంచి గాజులోకీ, గాజులోంచి గాలిలోకీ దాటే ప్రతిచోటా పూత లేకపోతే నాలుగు శాతం దాకా వెనక్కి కొడుతుంది. హీలియోస్‌లో ఆరు గాజులు నాలుగు గుంపులుగా ఉన్నాయి, అంటే అలాంటి దాటుళ్లు ఎనిమిది. ఒక పొర పూత వేస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది, పెంటాక్స్ 1971లో తన టకుమార్ లెన్సులకి వేసినట్టు చాలా పొరలు వేస్తే ఇంకా తగ్గుతుంది. వెనక్కి కొట్టిన ఆ వెలుతురు ఊరికే పోదు, లోపల్లోపల తిరిగి సెన్సర్ మీద పల్చటి తెల్లతెరలా పడుతుంది. పైగా డిజిటల్ సెన్సర్ ఫిల్ము కంటే నున్నగా మెరుస్తుంది కాబట్టి తనవంతుగా కొంత వెలుతురు లెన్సు వెనక గాజు మీదికి తిప్పికొడుతుంది. ఉండవల్లి గుహల్లో దీన్ని కళ్లారా చూడొచ్చు. లోపల పడుకున్న అనంతపద్మనాభుడి దగ్గర నిలబడి, స్తంభాల సందుల్లోంచి ఎండ ఫ్రేములోకి వచ్చేలా తీస్తే నీడలన్నీ బూడిదరంగులోకి తిరుగుతాయి, నలుపు అనేదే ఉండదు. అదే చోట ఆ సందులకి వీపు పెట్టి, రాతి మీద పక్కనుంచి పడే వెలుతురుతో తీయండి, అదే లెన్సు ఉలి దెబ్బలతో సహా చూపిస్తుంది. లెన్సు మారలేదు, మీరు నిలబడ్డ చోటు మారింది. ఏదో ఒక హుడ్, కనీసం ఎడమచెయ్యి అడ్డం, పాత లెన్సుకి తప్పనిసరి.

హీలియోస్‌ని అందరూ కొనేది వెనక ఆకులు సుడి తిరిగినట్టు కనబడటానికి. ఫ్రేము మధ్యలో వెనకున్న వెలుతురు చుక్కలు గుండ్రంగా ఉంటాయి, అంచులకి వెళ్లేకొద్దీ లెన్సు గొట్టమే వాటిని రెండువైపులా కోసేసి బాదంకాయల్లా చేస్తుంది, ఆ బాదంకాయలన్నీ మధ్యబిందువు చుట్టూ తిరిగి ఉంటాయి కాబట్టి కంటికి సుడిలా తోస్తుంది. దీన్నిబట్టి మూడు సంగతులు వాటంతటవే తేలుతున్నాయి. వెనక ఎండ చిల్లులుపడే ఆకులు, వేపచెట్టు లాంటివి, కావాలి, గోడ ముందు నిలబెడితే సుడి లేదు గిడి లేదు. ఎఫ్/4కి మూస్తే కోత పోయి చుక్కలు మళ్లీ గుండ్రమవుతాయి. ఇక క్రాప్ సెన్సర్ అయితే సుడి ఉండే అంచుల్నే కోసి పారేస్తుంది. ఏపీఎస్-సీ (క్రాప్ సెన్సర్) బాడీకి హీలియోస్ కొని సుడి రావట్లేదని వాపోయేవాళ్లకి చెప్పవలసింది ఇదే. వాళ్లకి అది 87 ఎంఎంకి సమానమైన చక్కటి పోర్ట్రెయిట్ లెన్సు, అంతవరకు బంగారం. అదే లెక్కన 28 ఎంఎం పాత లెన్సు క్రాప్ బాడీ మీద 42 అయిపోతుంది, వైడ్ అన్న ముచ్చటే ఉండదు. వైడ్ కావాలంటే పాత లెన్సుల జోలికి పోవద్దనే అంటాను, మూలలు నీరసంగా ఉంటాయి, కొత్తవి ఆ విషయంలో ఎక్కడో ఉన్నాయి.

ఇంకోటి, తెల్ల పంచె అంచున, మల్లెమొగ్గల చుట్టూ ఊదారంగు గీత వస్తుంది, లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు. అపెర్చర్‌ని రెండు స్టాపులు, అంటే రెండు మెట్లు, మూస్తే చాలావరకు పోతుంది, మిగిలింది ‘రా’ ఫైల్లో (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫైల్లో) తుడిచేయొచ్చు.

డబ్బు ఆదా అవుతుందని మాత్రం దీంట్లోకి దిగొద్దు. ఇప్పుడు వచ్చే మామూలు ఆటోఫోకస్ 50 ఎంఎం ఎఫ్/1.8 పాతవాటిలో చాలావాటికంటే పదునుగా ఉంటుంది, దానంతటదే కన్ను వెతుక్కుంటుంది, గ్యారంటీ ఉంటుంది. పెళ్లిళ్లు తీసేవాళ్లు తలంబ్రాల టైములో రింగు తిప్పుతూ కూర్చుంటే పెళ్లికూతురి తరపువాళ్లు ఊరుకోరు. పాత లెన్సు ఎవరికంటే, బీరువాలో ఇప్పటికే ఉన్నవాళ్లకి, లేదా ఆ లోపాల రూపమే కావాలనుకున్నవాళ్లకి, లేదా ఇత్తడీ అల్యూమినియంతో చేసిన రింగు తేనెలా తిరుగుతుంటే అదొక సుఖం అనుకునేవాళ్లకి. నేను మూడో రకం, దాచుకునేదేం లేదు.

కొనేటప్పుడు పేరు చూసి పడిపోతే పేరు గొప్ప ఊరు దిబ్బ అవుతుంది. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి లెన్సు వెనకవైపు నుంచి కొట్టి ముందునుంచి చూడండి. సాలీడు దారాల్లా, మంచుపువ్వుల్లా ఉంటే ఫంగస్. పొగమంచులా ఒకే తీరుగా ఉంటే లోపలి గ్రీజు ఆవిరై పట్టిన మసక, మెకానిక్ తుడిస్తే పోవచ్చు. గాజు అంచున ఇంద్రధనుస్సు రంగులతో మచ్చ ఉంటే రెండు గాజుల్ని అతికించిన జిగురు విడిపోతోందని అర్థం, అలాంటిది వదిలేయండి. ముందు గాజు మీద ఒకటి రెండు గీతలు ఫొటోలో కనబడవు, వెనక గాజు మీద గీత కనబడుతుంది. అపెర్చర్ రేకులు తడిగా మెరుస్తున్నాయంటే నూనె ఎక్కింది, ఆటో లెన్సు అయితే రేకులు అంటుకుపోతాయి, హీలియోస్ లాంటి చేత్తో తిప్పేదానికి దాంతో పెద్ద నష్టం లేదు, బేరమాడ్డానికి పనికొస్తుంది. టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4లో గాజు పసుపు తిరిగి ఉంటే భయపడొద్దు. ఆ గాజులో థోరియం కలిపారు, కొద్దిపాటి రేడియేషన్‌కి గాజే రంగు తిరుగుతుంది, అతినీలలోహిత కాంతి కింద కొన్నాళ్లు ఉంచితే తేటపడుతుంది. మామూలుగా వాడుకోవడానికి ఇబ్బందేమీ లేదు, ఆ గాజుని అరగదీయడం, పగలగొట్టడం లాంటి ప్రయోగాలు మాత్రం వద్దు.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది, కాబట్టి లెన్సుని ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదలకండి, గ్రీజు కరిగి రేకుల మీదికి కారేది అప్పుడే. ఎండాకాలం దాటితే కృష్ణ ఒడ్డు తేమ మొదలవుతుంది. తేమ డెబ్బై శాతం దాటి, చీకటిగా, గాలి ఆడకుండా ఉంటే ఫంగస్‌కి పండగ, అంటే తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం అన్నది దాన్ని పెంచి పోషించడమే. ఒకసారి పూతని తినేశాక శుభ్రం చేసినా మచ్చ పోదు. రబ్బరు అంచున్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు, మొత్తం కలిపినా అడాప్టర్ ధర దాటదు. మీటరు నలభై, యాభై మధ్య ఉంటే చాలు. నీలం రంగు జెల్ గులాబీరంగుకి తిరిగిందంటే తేమ తాగేసింది, సన్నటి మంట మీద వేడిచేస్తే మళ్లీ నీలానికి వస్తుంది, ఆ పని వంటకి వాడే మూకుడులో మాత్రం చేయొద్దు.